ఆఖరి నాలుగు నిమిషాలు

"చెరిపెయ్యవయ్యా ఇవన్నీ," అన్నాడు ఏబెల్ సారు, టై ముడి సర్దుకుంటూ.

ముత్యానికి ముందు అర్థం కాలేదు. నేల మీద తెల్ల దుప్పటి ముక్క, దాని మీద పొట్ట విప్పిన వీడియో క్యాసెట్, పక్కన అయిదు మరలు, స్పిరిట్ సీసా, దూది. ఏదో మరక కనబడింది కాబోలనుకుని వంగి చూశాడు.

"ఏవి సారూ?"

"ఇదిగో, ఈ బాల్‌పెన్ను గీతలు. ప్రతి అతుకు మీదా ఏదో గీకావు. ఏంటిది?"

"గీతలు కావు సారూ. ము. నా పేరు."

"నీ పేరు రీలు మీదెందుకయ్యా?"

ఎందుకంటే ఊళ్లో తను పనిచేసిన మెట్‌పల్లి వీడియో షాపులో అలాగే రాసేవాళ్లు. రీలు తెగినచోట అతుకుబిళ్ల వేసినవాడు ఆ బిళ్ల మీద తన మొదటి అక్షరం రాయాలి. రాయకపోతే ఓనరు ఆ క్యాసెట్‌ను అరలో పెట్టనిచ్చేవాడు కాదు. తిట్టడానికైనా మెచ్చడానికైనా ఒక మనిషి దొరకాలి కదా అనేవాడు. ముత్యానికి ఆ అలవాటు చేతికి పట్టేసింది. అన్నం కలిపేటప్పుడు ఉప్పు చూసుకున్నట్టే అతుకు వెయ్యగానే పెన్ను తీస్తాడు.

"అది మా పద్ధతి సారూ. రేపు అతుకు ఊడితే ఎవన్ని తిట్టాలెనో తెల్వాలె గద."

"ఎవరూ తిట్టర్లే." సారు నవ్వాడు. "వచ్చే శుక్రవారం జపాన్ నుంచి ఇషిదా గారొస్తున్నారు. ఈ సినిమా కోసం ముప్ఫై ఏళ్లుగా దేశాలు తిరుగుతున్న మనిషి. క్యాసెట్ విప్పి లోపల కూడా చూసే రకం. ఈ పిచ్చి గీతలు చూశాడంటే నా పరువు పోద్ది. తుడిచెయ్."

నీ పేరు కూడా అందరికీ చెప్తానయ్యా అని మొదటి వారం అన్న నోరే ఇది.

ఈ క్యాసెట్‌ను కనిపెట్టింది సారు కాదు. రెండు నెలల కింద ఈ బహ్రైన్ దేశంలోని నువైద్రాత్‌లో ఎప్పుడో మూతబడ్డ వీడియో దుకాణం ఒకటి ఖాళీ చేసి చెత్త లారీకెత్తమని కంపెనీ వాళ్లు ముత్యాన్నీ మరో ముగ్గురినీ పంపారు. అందరూ పారలతో ఎత్తి పోస్తుంటే, ముత్యం మాత్రం ఒక్కో క్యాసెట్ కిటికీలోంచి రీలు చూసి మరీ పోశాడు. అట్ట మీద వేలు తెగిన చెయ్యి బొమ్మ ఉన్న ఒక క్యాసెట్ దగ్గర ఆగాడు. తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. ఏడేళ్ల కింద ఒక సైటులో షట్టరింగ్ ప్లేటు జారి పడి అతని చిటికెన వేలు మొదలంటా పోయింది. వింతగా ఉందే అనుకుని చొక్కాలో దోపుకున్నాడు. శుక్రవారాలు ఏబెల్ సారు ఇంట్లో క్యాసెట్ల మీద దుమ్ము దులిపే పని ఉంది కాబట్టి, తెచ్చి ఆయనకిచ్చాడు.

సారు ఆ రోజు అట్ట మీది అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదివి, సోఫాలో కూలబడిపోయాడు. "ఉప్పు రేవు" అన్నాడు. "జపాన్‌లోనే లేదయ్యా ఇది. తీసిన కంపెనీ దివాలా తీసింది, నెగెటివ్ కాలిపోయింది. ఎప్పుడో ఇక్కడెవరో అరబ్బీ అక్షరాలేసి నాలుగు క్యాసెట్లు వదిలారని అనుకోవడమే గానీ, చూసినోడు లేడు."

"మంచి సినిమానా సారూ?"

"మంచో చెడో ఎవడికి తెలుసు? దొరికే సినిమా ఎవడిక్కావాలి? దొరకదు కాబట్టే ఈ పిచ్చి."

ఆ పిచ్చి ముత్యానికి కొత్త కాదు. ఆ గదిలో మూడు వేల క్యాసెట్లున్నాయి. ఒకే సినిమా నాలుగు అట్టల్లో ఉంది. సగం వాటికి పై కాగితం కూడా చింపలేదు. చూడని సినిమాలకు రాత్రింబవళ్లు ఏసీ. ముత్యం ఉండే కూలీల క్యాంపులో ఎనిమిదిమందికి ఒకటే ఏసీ, అదీ ఉరుముతుంది గానీ చల్లబరచదు.

ఆ క్యాసెట్ నిండా బూజు. పదకొండు చోట్ల తెగింది. సారు సెల్లోటేపు తీసుకుని కూర్చుంటే ముత్యమే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండకు జిగురు కారి పొరలు అంటుకుంటాయి, వీసీఆర్ తల పాడైపోతుంది, ఒక్కసారికే ఖలాస్ అని చెప్పాడు. తర్వాత ఏడు శుక్రవారాలు నేల మీద కూర్చుని, జానెడు జానెడు రీలు లాగి స్పిరిట్‌తో బూజు తుడిచాడు. తెగిన కొసలు రెండూ ఏటవాలుగా కోసి, ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఆనించి, బొమ్మ లేని వైపు బిళ్ల వేశాడు.

ఇప్పుడా పదకొండు 'ము'లనీ దూదితో తుడుస్తున్నాడు.

"ఆగాగు, అలాగే ఉంచు చేతులు." సారు లోపలికెళ్లి తెల్ల గ్లౌజులు తెచ్చాడు. "ఇవేసుకో. రెండు ఫొటోలు తీస్తాను."

ముత్యం వేసుకున్నాడు. ఎడమ గ్లౌజులో చిటికెన వేలు తొడుగు ఖాళీగా వాలిపోయింది. సారు అతని మొహం రాకుండా చేతులు మాత్రమే పడేట్టు పై నుంచి నాలుగు ఫొటోలు తీసుకుని, ఆదరాబాదరాగా భార్యతో ప్రార్థనకు బయల్దేరాడు. రిఫాలో తెలుగు సంఘం కూడుకునేది సెలవు రోజైన శుక్రవారం పొద్దునే. స్టెల్లా మేడం గుమ్మం దగ్గర ఆగి, "ఫ్రిజ్‌లో పులిహోర ఉంది, తిను ముత్యం," అని చెప్పి వెళ్లింది.

ఆఖరి అతుకు నిలుస్తుందో లేదో తిప్పి చూడాలి. సారు తను మాత్రం చూడలేదు. అతిథులతో కలిసి మొదటిసారి చూడాలని ఆయన పంతం. ఊరికే తిప్పితే రీలు అరుగుతుందని భయం కూడా. ముత్యం క్యాసెట్ బిగించి వీసీఆర్‌లో పెట్టాడు.

జపాన్ మాట రాదు, అరబ్బీ అక్షరం రాదు. అయినా కథలో అర్థం కానిదేం లేదు. రేవులో ఉప్పు మూటలు మోసే సాబురో, తన ముఠా పెద్ద చేసిన ఖూనీని నెత్తిన వేసుకుని, నమ్మకానికి గుర్తుగా చిటికెన వేలు కోసిచ్చి జైలుకు పోతాడు. తిరిగి వచ్చేసరికి పెద్ద అతని పేరే మరిచిపోయి ఉంటాడు. సాబురో కత్తి పట్టుకుని పెద్ద ఇంటి తలుపు తోస్తాడు. తెర ఏడెనిమిది సెకండ్లు నల్లగా ఉంటుంది. తర్వాత దీపం. పెద్ద అన్నం తింటూ ఉంటాడు. పొడుస్తాడనుకుంటాం. పొడవడు. కత్తి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, పెద్ద ముందున్న గిన్నె తన ముందుకు లాక్కుని, ఒక్క మెతుకు మిగలకుండా తింటాడు. తిని, ఇంకా పెట్టమన్నట్టు గిన్నె జరుపుతాడు. పెద్ద వణికే చేత్తో వడ్డిస్తాడు. అంతే సినిమా.

ముత్యం చాలాసేపు ఆ నీలం తెర ముందే నిలబడిపోయాడు. పులిహోర తినడం మరిచిపోయాడు.

*

సోమవారం డ్యూటీ దిగి క్యాంపుకొచ్చి స్నానం చేసేసరికి, లింబాద్రి మంచం మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. లింబాద్రిది కోరుట్ల పక్క ఊరు. ఇంటర్ దాకా చదివాడు. గదిలో ఇంగ్లీషు ఉత్తరం ఎవరికొచ్చినా అతనే దిక్కు.

"ముత్యమన్నా, నీ సారు ఇంటర్నెట్ల పెట్టిండే. ఏడు వందల మంది మెచ్చుకున్నరు."

"నా పేరున్నదా?"

లింబాద్రి కిందికీ పైకీ జరిపి చూశాడు. "నీ చేతులున్నయి."

"ఇటియ్యి."

తెల్ల గ్లౌజులు, వేలాడే తొడుగు. కింద బారెడు రాత. లింబాద్రి ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. ఎడారి అంచున ఒక దుకాణం శిథిలాల్లో ఏబెల్ ఈ క్యాసెట్‌ను వెతికి పట్టుకున్నాడట. నలభై గంటలు నిద్ర మాని తన చేతులతోనే పదకొండు చోట్ల అతికాడట.

"వీసీఆర్‌ల క్యాసెట్ ఎటు దిక్కు పెట్టాలెనో కూడ నేనే చూపిచ్చిన ఆయనకు," అన్నాడు ముత్యం.

"ఇంకా ఉన్నది, ఇను. ఎవడో అడిగిండు, మీ చిటికెన వేలేమైందని. 'అట్ట మీది సాబురో లెక్క వేలు మడిచి పెట్టిన, అది ఆ సినిమాకు నా దండం' అని రాసిండు నీ సారు. దానికి మల్ల రెండు వందల మంది..." ముత్యం మొహం చూసి లింబాద్రి ఆగిపోయాడు.

ముత్యం ఎడమ చెయ్యి తువ్వాలులో దాచుకున్నాడు. ఆ వేలు పోయిన నాడు నేల మీద పడి పొర్లింది అతను. అన్నం ముద్ద ఆ సందులోంచి జారకుండా తినడం మళ్లీ నేర్చుకుంది అతను. ఆ వేలు ఇప్పుడు ఏబెల్ సారు మడిచి పెట్టిన వేలైంది. చేతి పని దోచాడంటే సరే, పెద్దవాళ్లు అందరూ చేసేదే. లేని వేలును కూడా దోచుకునేవాణ్ని ఏమనాలి?

"సొమ్మొకనిది, సోకొకనిది," అన్నాడు లింబాద్రి. "అయినా సప్పుడు జెయ్యకే అన్నా. బయట పని చేస్తున్నవని కంపెనీకి ఒక్క ఫోను కొట్టిండనుకో, నీ సామాన్ గేటు బయటుంటది."

"నేనేమన్న అన్ననా?"

అనలేదు. కానీ మంగళవారం సైటులో వెల్డర్ దగ్గర అడిగి అరచేతి మందం అయస్కాంతం ఒకటి తెచ్చుకున్నాడు. రీలు మీద నాలుగుసార్లు రుద్దితే చాలు. సాబురో ఉండడు, రేవు ఉండదు, ఉప్పూ ఉండదు, చీమలు పాకినట్టు గీతలే మిగులుతాయి. బుధవారమంతా దాన్ని ప్యాంటు జేబులో వేసుకుని తిరిగాడు. అది మేకులనూ బోల్టులనూ అంటించుకుంటూ తొడకు బరువుగా తగిలింది. ఆ బరువు అతనికి హాయిగా ఉంది. ఏబెల్ మొహం తెల్లబోవడం తల్చుకుంటే ఆ రెండు రోజులూ చద్ది రొట్టె కూడా రుచిగానే దిగింది.

గురువారం సాయంత్రం బట్టలు ఉతుకుతూ అసలు సంగతి ఆలోచించాడు. రీలు మొత్తం పోతే జనం ఏబెల్ మీద జాలి పడతారు. పాపం, పాతదై పోయిందంటారు. అతని కష్టానికి కన్నీళ్లు కారుస్తారు. అదీ ఆయన ఖాతాలోకే. కావలసింది జాలి కాదు, సిగ్గు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా సరిగ్గా తలుపు దగ్గర ఆగిపోవాలి. ఇదేనా నువ్వు అతికిందని అడగాలి.

అయస్కాంతం వెల్డర్‌కు తిరిగిచ్చేశాడు. క్యాంపులో బట్టలు కుట్టేవాడి దగ్గర ఒక ఖాళీ దారపు కండె అడిగి జేబులో వేసుకున్నాడు.

*

శుక్రవారం సారు వాళ్లు ప్రార్థనకు పోగానే ముత్యం తలుపు గడియ వేసుకున్నాడు.

సాబురో తలుపు తోసి తెర నల్లబడ్డ చోట ఆపి, క్యాసెట్ విప్పాడు. బ్లేడు చేతిలోకి తీసుకున్నాక తనమీద తనకే కోపమొచ్చింది. పగ తీర్చుకునేవాడు ఎక్కడో ఒకచోట కసుక్కున కొయ్యాలి. అతని చెయ్యి మాత్రం ఒక్క బొమ్మ కూడా చెడకుండా, చీకటికి సరిగ్గా నడుమ, ఏటవాలుగా కోసింది. ఆఖరి నాలుగు నిమిషాలూ అయిదారు గజాల రీలు. దాన్ని దారపు కండెకు మడత పడకుండా చుట్టి, మెత్తటి గుడ్డలో పెట్టి జేబులో దాచాడు. మిగిలిన కొసను చక్రానికుండే తెల్ల రీలుకు అతికి, మరలు బిగించాడు. ఈ అతుకు మీద మాత్రం పేరు రాయలేదు.

నాలుగింటికి ఎనిమిదిమంది వచ్చారు. అందరిలోకీ పెద్దవాడు ఇషిదా. సన్నటి మనిషి, బూడిదరంగు కోటు, కూర్చున్నా వీపు కుర్చీకి ఆనించడు. ఆయన పక్కన యూసుఫ్, ముహర్రక్ నుంచి వచ్చిన బహ్రైనీ ముసలాయన. ఇంటి నిండా హిందీ సినిమాల క్యాసెట్లే ఉన్నాయట, హిందీ గలగలా మాట్లాడతాడు. సారు చేతులూపుతూ ఆ శిథిలాల కథ మళ్లీ చెప్పాడు. ముత్యం చాయ్ ట్రే పట్టుకుని తిరిగాడు. ఇషిదా కప్పు అందుకుంటూ అతని ఎడమ చెయ్యి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏబెల్ చేతుల వైపు చూశాడు. ఏబెల్ సారుకు పదివేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.

సినిమా మొదలైంది. రంగు వెలిసింది, అక్కడక్కడా గీతలు, మంచు కురిసినట్టు చుక్కలు. అలాగే బాగుందని వాళ్లు తలలూపుకున్నారు. అతుకు ఉన్నచోటల్లా బొమ్మ చిన్నగా ఒణికి నిలదొక్కుకుంది. గోడకానుకుని నిలబడ్డ ముత్యం ఒక్కొక్కటే లెక్క పెట్టుకున్నాడు. పదకొండూ నిలిచాయి. అతని పని గురించి ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే.

సాబురో తలుపు తోశాడు. తెర నల్లబడింది. టక్కుమని శబ్దం, నీలం తెర. వీసీఆర్ దానంతటదే వెనక్కి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

ముత్యం ట్రే చేతిలోకి తీసుకుని ఒక అడుగు ముందుకేశాడు. ఇప్పుడు అడుగుతారు. ఇప్పుడు పోద్ది పరువు.

యూసుఫ్ అట్ట తిప్పి చూసి, తొంభై నాలుగు నిమిషాలని రాసి ఉంది, తొంభైకే అయిపోయిందేమిటని అడిగాడు. ఏబెల్ సారు ఒక్క క్షణం తడబడ్డాడు, అంతే. లేచి తెర ముందు నిలబడి, ఇంగ్లీషులో మెల్లగా, గొంతు ఒణికిస్తూ ఏదో చెప్పాడు. స్టెల్లా మేడం పక్కనే నిలబడి ఉంది. ముత్యం ఆమెను చూశాడు. ఆమె నేల చూపులు చూస్తూ, "అట్టల మీద ఎప్పుడూ తప్పు టైమే రాస్తారంట," అని గొణిగింది. "ఆ చీకట్లో ఆపెయ్యడమే ఈ సినిమా గొప్పంట. చంపాడో లేదో మనకే వదిలేశారంట. అతికేటప్పుడు చూసి తను ఏడ్చేశాడంట."

చప్పట్లు. యూసుఫ్ కూడా కొట్టాడు. ఇషిదా లేచి, నడుం దాకా వంగి ఏబెల్‌కు దండం పెట్టాడు.

కోసింది ముత్యం. ఆ కోతను కూడా సారు ఎత్తుకుపోయాడు! పేరు తీసుకున్నాడు, వేలు తీసుకున్నాడు, చివరికి పగను కూడా తనదే చేసుకుని చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. ఈ మనిషికి ఏం పాడుచేసినా అది పూలదండే అవుతుంది. జేబులో ఉన్నది కాల్చి పారేస్తే ఈ అబద్ధమే లోకంలో నిలబడుతుంది, సాబురో ఎప్పటికీ ఆ చీకట్లోనే నిలబడి ఉంటాడు.

ట్రే బల్ల మీద పెట్టాడు.

"ఖతం నహీ హువా, బాబా," అన్నాడు యూసుఫ్‌తో. అయిపోలేదు అది.

గది మొత్తం ఇటు తిరిగింది. ముత్యం గుడ్డ విప్పి దారపు కండె అరచేతిలో పెట్టి చూపించాడు. ఇది ఆఖరి ముక్కనీ, పొద్దున తనే కోశాననీ, చచ్చిపడి ఉన్న రీలు అతికింది కూడా తనేననీ వచ్చిన హిందీలో చెప్పాడు. యూసుఫ్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. విని ఇషిదా మొహం గట్టిపడింది. అది జాలి చూపు కాదు. బిడ్డ చెయ్యి విరిచినవాణ్ని చూసిన చూపు.

"దొంగ వెధవ!" అన్నాడు ఏబెల్ సారు తెలుగులో. వెంటనే ఇంగ్లీషులోకి దూకి, వీడు పనివాడు, చెప్పింది చేస్తాడు, అతికింది నేనే అన్నాడు.

"అచ్ఛా." యూసుఫ్ నింపాదిగా లేచి, వీసీఆర్‌లోంచి క్యాసెట్ తీసి ఏబెల్ చేతిలో పెట్టాడు. దారపు కండె, బల్ల మీదున్న బ్లేడు, అతుకుబిళ్లలు ముందుకు జరిపాడు. "అయితే ఇదీ అతుకు భాయ్. చూస్తాం."

సారు నేల మీద కూర్చున్నాడు. మరలు ఊడదీయడం వచ్చింది. పై మూత లేపేటప్పుడు స్ప్రింగు ఎగిరి సోఫా కిందికి పోయింది. రీలు కొస పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏ వైపు బిళ్ల వెయ్యాలో తెలియలేదు. చెమట చుక్క రాలి రీలు మీద పడబోతే ఇషిదా నోట్లోంచి చిన్న కేక వచ్చింది. బ్లేడు పదివేళ్లతో పట్టుకున్నాడు గానీ రీలుకు ఆనించలేకపోయాడు. అందరూ చూస్తున్నారు.

ఏబెల్ సారు తలెత్తకుండా, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "ముత్యం... నీకు దణ్ణం పెడతానయ్యా. నువ్వు కూర్చో."

ఆయన అన్నది తెలుగే గానీ అర్థం కానివాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

ముత్యం కూర్చున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. పొద్దున వేసిన అతుకు విప్పి, రెండు కొసలూ దీపం కింద ఆనించాడు. ఇషిదా పక్కనే గొంతుక్కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి ఆ కోతను చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్క బొమ్మ పోలేదని తెలిశాక ఆయన మొహంలో బిగువు సడలింది. భూతద్దం ఒకసారి ముత్యం ఎడమ చేతి మీదికి జరిగి, మళ్లీ రీలు మీదికి వెళ్లింది. ఆయన దీపం కొంచెం దగ్గరికి జరిపి పట్టుకున్నాడు.

బిళ్ల పడింది. ముత్యం వేలి గోటితో గాలి లేకుండా ఒత్తి, చొక్కా జేబులోంచి బాల్‌పెన్ను తీశాడు. కిందటి శుక్రవారం కంటే కాస్త పెద్దగానే రాశాడు. ము. ఏబెల్ సారు చూశాడు, చెరిపెయ్యమనలేదు. స్టెల్లా మేడం సోఫా కిందికి వంగి స్ప్రింగు వెతికి తెచ్చిచ్చింది.

రేపు కంపెనీకి ఫోను పోవచ్చు. సామాన్ గేటు బయట పడవచ్చు. లింబాద్రి చెప్పలేదనకుండా చెప్పాడు. పడనీ అనుకున్నాడు ముత్యం.

క్యాసెట్ బిగించి పెట్టాక మళ్లీ తెర నల్లబడింది. బొమ్మ చిన్నగా ఒణికి నిలదొక్కుకుంది. దీపం వెలిగింది. తెల్లని అన్నం గిన్నె.

సారు తిరుగుడు కుర్చీ ఖాళీగా ఉంది. ముత్యం దాంట్లో కూర్చుని, వీపు ఆనించాడు. ఇన్నాళ్లూ దుమ్ము దులిపిన కుర్చీ అంత మెత్తగా ఉంటుందని అతనికి ఇప్పుడే తెలిసింది. సాబురో తింటున్నాడు. ఏబెల్ సారు ఎక్కడ నిలబడాలో తెలియక ట్రే పక్కన నిలబడ్డాడు.

ముత్యం తెర మీంచి చూపు తిప్పకుండా, బల్ల మీదున్న ఖాళీ కప్పును మూడు వేళ్లతో ముందుకు జరిపాడు.

"సారూ," అన్నాడు, "చాయ్ ఉంటే నాక్కూడ ఇంత పొయ్యుండ్రి."